ఊరి భజనలో కొత్తగా గొంతు కలిపేవారికి

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో హనుమాండ్ల గుడి లేని ఊరు అరుదు. ఆ గుడి అరుగు మీద శనివారం రాత్రో ఏకాదశి రాత్రో భజన సాగని ఊరు కూడా ఒకప్పుడు అరుదుగానే ఉండేది. ఇప్పటికీ చాలా ఊళ్లలో ఒక హార్మోనియం, ఒక తబలా లేదా డోలక్, నాలుగైదు జతల తాళాలు, చిడతలు, వాటి చుట్టూ పది పన్నెండు గొంతులు చేరి రాత్రి పొద్దుపోయే దాకా కీర్తనలూ, వేదాంతం చెప్పే పాటలైన తత్వాలూ పాడుతున్నాయి. చదువు కోసమో కొలువు కోసమో హైదరాబాదులో ఉంటూ పండుగకూ సెలవుకూ ఇంటికి వచ్చే యువతీ యువకులు ఎందరో ఆ అరుగు దగ్గర కాసేపు నిలబడి, విని, ఫోనులో కొంత రికార్డు చేసుకుని వెళ్లిపోతారు. లోపలికి వెళ్లి కూర్చోవచ్చునా, రాని పాటకు గొంతు ఎలా కలపాలి, తాళం తప్పితే ఏమనుకుంటారో అన్న సందేహాలే వారిని గడప బయట నిలబెడుతున్నాయి. ఆ సందేహాలున్నవారి కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసింది ఒకటే. భజనలో ఒకరు పాటను ఎత్తుకుంటే మిగిలినవారందరూ పల్లవిని అందుకుంటారు. ఆ అందుకోవడాన్నే వంత అంటారు. వంత పాడేవారు లేకపోతే ఎంత గొప్ప గాయకుడైనా రెండు పాటలకే అలసిపోతాడు. కనుక కొత్తవారు చేయగలిగిన పని మొదటి రాత్రి నుంచే అక్కడ సిద్ధంగా ఉంటుంది, అది చిన్న పని కూడా కాదు.

ఎక్కడ వెతకాలి, ఎప్పుడు వెళ్లాలి

సొంత ఊరిలో అయితే పూజారినో గుడి దగ్గరి చాయ హోటలు వారినో అడిగితే సరిపోతుంది. ఊరిని బట్టి వారం మారుతుంది: హనుమంతుడికీ వేంకటేశ్వరుడికీ శనివారం, శివాలయంలో సోమవారం, సాయి మందిరంలో గురువారం. శ్రావణ, కార్తీక మాసాల్లో చాలా చోట్ల రోజూ జరుగుతుంది. ధనుర్మాసంలో, అంటే డిసెంబరు నడుమ నుంచి సంక్రాంతి దాకా, తెల్లవారకముందే వీధి వీధి తిరుగుతూ పాడే నగర సంకీర్తన ఉంటుంది. చలికి ఓర్చి లేవగలిగితే కొత్తవారికి అంతకన్నా తేలికైన ప్రవేశం మరొకటి లేదు, ఎందుకంటే నడుస్తూ పాడే పాటలు చిన్నవి, పల్లవులు పదేపదే వస్తాయి, పైగా ఎవరి దృష్టీ ఒక్కరి మీద నిలిచి ఉండదు.

వ్యవసాయ పనులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పత్తి ఏరే రోజుల్లో పగలంతా చేనులో వంగి పనిచేసినవారు రాత్రి భజనకు రాలేకపోవడం సహజం. పాలమూరు నుంచి బొంబాయికీ పూణేకూ హైదరాబాదుకూ వలస వెళ్లినవారు దసరాకూ సంక్రాంతికీ జాతరకూ తిరిగి వచ్చినప్పుడు భజన మండలి మళ్లీ నిండుతుంది. దీపావళి తరువాత వచ్చే కురుమూర్తి జాతరలోనూ, మాఘంలో జరిగే చెర్వుగట్టు జాతరలోనూ ఊరూరి మండళ్లు తమ తాళాలతో వస్తాయి. ఒకే కీర్తనను రెండు ఊళ్లవారు రెండు వరసల్లో పాడడం అక్కడ వినవచ్చు. మక్తల్, నారాయణపేట వైపు వెళితే తెలుగు పాటల మధ్య కన్నడ పదాలు కూడా వినిపిస్తాయి.

ఆడవారి సంగతి విడిగా చెప్పాలి. కొన్ని ఊళ్లలో గుడి భజన ఇప్పటికీ మగవారిదే. కొన్ని ఊళ్లలో ఆడవారికి ప్రత్యేక మండలి ఉంటుంది. మరికొన్నింట అందరూ కలిసే పాడతారు. ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది. పాటలో గొంతు కలపడం అలవాటు కావడానికి ఆడపిల్లలకు బతుకమ్మ ఆటకన్నా మంచి చోటు లేదన్నది నా అభిప్రాయం. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు, ఒకరు చరణం చెప్పగా చుట్టూ తిరిగేవారందరూ ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. చప్పట్లే తాళం, అడుగే దరువు. ఆ తొమ్మిది రోజులు నిష్ఠగా ఆడిన అమ్మాయికి ఏ భజనలోనైనా వంత ఎక్కడ అందుకోవాలో చెప్పవలసిన అవసరం ఉండదు.

అన్ని పాటలూ అందరూ కలిసి పాడేవి కావు. ఒగ్గుకథ, శారదకథ, చిందు యక్షగానం, కిన్నెర, బుర్రవీణ వంటివి తరతరాలుగా కొన్ని కుటుంబాలు, కొన్ని కులాలు కాపాడుకుంటూ వచ్చిన విద్యలు. వారికి అదే బతుకుదెరువు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో, బుర్రవీణ వాయించే నారాయణపేట జిల్లా దామరగిద్ద వాసి దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ పురస్కారాలు వచ్చిన తరువాత ఈ వాద్యాల పేర్లు అందరికీ తెలిశాయి. అలాంటివారు పాడుతున్నప్పుడు మధ్యలో గొంతు కలపకూడదు. కూర్చుని శ్రద్ధగా వినాలి, వారికి ఇవ్వవలసినది గౌరవంగా ఇవ్వాలి, నేర్చుకోవాలన్న కోరిక నిజంగా ఉంటే వారి ఇంటికి వెళ్లి శిష్యులుగా అడగాలి. భజన, బతుకమ్మ, కోలాటం, తత్వ గోష్ఠి మాత్రం నలుగురు కలిస్తేనే సాగేవి.

మొదటి రాత్రి

స్నానం చేసి, శుభ్రమైన బట్టలు కట్టుకుని, భజన మొదలయ్యే వేళకు కొంచెం ముందుగా వెళ్లండి. మద్యం తాగి వచ్చినవారిని ఏ మండలీ లోపలికి రానివ్వదు. చెప్పులు దూరంగా విడిచి, కాళ్లు కడుక్కుని, దేవుడికి దండం పెట్టి, తరువాత అక్కడున్న పెద్దలకు దండం పెట్టాలి. చాపలు పరచడం, హార్మోనియం పెట్టెను తెచ్చి పెట్టడం వంటి పనులు జరుగుతుంటే చేయి వేయండి. పెద్దవారిని వయసును బట్టి తాతా అనో కాకా అనో అన్నా అనో పిలిచి, ‘కాకా, నేను గూడ వంత పాడొచ్చా?’ అని ఒక్క మాట అడిగితే చాలు. ‘కూసో బిడ్డా, పాడు’ అన్న జవాబు రావడానికి ఎక్కువసేపు పట్టదు. ఎవరి కొడుకువు, ఎవరి బిడ్డవు అని ఇంటి పేరు అడుగుతారు. ఆ ఆరా మిమ్మల్ని తమ మధ్య ఎక్కడ కూర్చోబెట్టుకోవాలో తెలుసుకోవడానికే తప్ప నిలదీయడానికి కాదు.

కూర్చునే చోటుకు కూడా ఒక పద్ధతి ఉంది. హార్మోనియం దేవుడికి ఎదురుగానో ఒక పక్కగానో ఉంటుంది, దానికి ఆనుకుని తబలా ఉంటుంది, పాట ఎత్తుకునేవారు వాటికి దగ్గరగా కూర్చుంటారు. కొత్తవారు రెండవ వరుసలో, బాగా పాడే ఒక వంతగాడి పక్కన చోటు వెతుక్కోవాలి. ఆయన నోరు కనిపించాలి, ఆయన గొంతు వినిపించాలి. ఎవరి వాద్యాన్నీ అడగకుండా ముట్టుకోకండి, ఏ వాద్యాన్నీ దాటి నడవకండి, కాలు తగలనివ్వకండి.

భజన దాదాపు ఎక్కడైనా ఒకే వరుసలో సాగుతుంది. ముందు గణపతి ప్రార్థన, ఆ తరువాత గురువుకో సరస్వతికో ఒక స్తుతి, తరువాత ఆ రాత్రి ఏ దేవుడిదైతే ఆ దేవుడి కీర్తనలు, పొద్దుపోయిన కొద్దీ తత్వాలు, చివర మంగళహారతి. హారతి పాట మొదలైందంటే ఆ రాత్రికి ఇక వేరే పాట ఎత్తుకోకూడదు. రామదాసు కీర్తనలు అన్ని ఊళ్లలోనూ వినిపిస్తాయి. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల మన్యంకొండ వేంకటేశ్వరుడి మీద హనుమద్దాసు చెప్పిన కీర్తనలు పెద్దల నోట ఇప్పటికీ ఉన్నాయి. తత్వాల్లో వీరబ్రహ్మేంద్రస్వామి పేరున పాడేవి ఎక్కువ. వీటన్నింటికీ ఒక ఉపయోగకరమైన లక్షణం ఉంది: చివరి చరణంలో రాసినవారి పేరో వారు కొలిచే దేవుడి పేరో ముద్రగా వస్తుంది. ఆ ముద్ర వినబడిందంటే పాట ముగింపుకు వచ్చిందని, ఇక పల్లవి జోరందుకుంటుందని కొత్తవారు కూడా ముందే గ్రహించి సిద్ధం కావచ్చు.

వంత పాడడంలో తొందర పనికిరాదు. పాట ఎత్తుకున్నవారు పల్లవిని సాధారణంగా రెండుసార్లు పాడతారు. మొదటిసారి వినండి, రెండవసారి పెదవులతో అనండి, వంత వచ్చినప్పుడు పక్కవారి గొంతుకన్నా తక్కువ స్థాయిలో కలపండి. పక్కవారి గొంతు మీకు వినిపించడం లేదంటే మీరు అవసరానికి మించి గట్టిగా పాడుతున్నారని అర్థం. మాటలు తెలియని చోట ఏదో ఒక మాట వేసి నింపకండి. ఊరుకుని, తెలిసిన ముక్క దగ్గర మళ్లీ కలవండి. తత్వాల్లో ఒక్క మాట మారినా భావం తలకిందులు కావచ్చు, ఆ పొరపాటు పక్కవారి నోటికి ఎక్కితే తరువాత సరిదిద్దడం కష్టం. చరణం మాత్రం ఎత్తుకున్నవారిదే. వారు చరణంలో రాగాన్ని కొంచెం సాగదీయవచ్చు, ఒక మాటను మళ్లీ మళ్లీ అనవచ్చు, మధ్యలో ఆగి అర్థం చెప్పవచ్చు. మీకు ఆ చరణం కంఠతా వచ్చినా వారికన్నా ముందు పరుగెత్తకూడదు.

తాళం చేతికి వచ్చేదాకా

కొత్తవారు ఎక్కువగా ఆశపడేది తాళాల మీద, భజన ఎక్కువగా చెడేది కూడా తాళాల వల్లే. కంచు తాళం మోత తబలాను మించి వినిపిస్తుంది. ఒక్క జత దారి తప్పితే తబలా వాయించేవారు దాన్ని లాక్కురాలేక, వదిలేయలేక సతమతమవుతారు. అందువల్ల మొదట కొన్ని వారాల పాటు తొడ మీద చేత్తో తాళం వేయడమే మంచిదని నేను గట్టిగా చెబుతాను. శబ్దం రాదు, తప్పు పోయినా ఎవరికీ ఇబ్బంది లేదు, లెక్క మాత్రం శరీరానికి పడుతుంది.

ఊరి భజనల్లో వినిపించే నడకలు, అంటే తాళపు వరసలు, మూడు నాలుగే. ఇక్కడ అక్షరమంటే తాళంలో ఒక లెక్క. ఎనిమిది అక్షరాల నడక అన్నింటికన్నా ఎక్కువ. శాస్త్రీయంగా నేర్చినవారు దాన్ని ఆది తాళమంటారు, తబలా వాయించేవారు కహర్వా అంటారు. రెండవది ఆరు అక్షరాల దాద్రా, ఊయల ఊగినట్టు మూడు మూడుగా సాగుతుంది. పాత కీర్తనల్లో ఏడు అక్షరాల చాపు వస్తుంది: ‘తకిట తకధిమి’ అని నోటితో అనుకుంటూ మూడు, నాలుగుగా విడదీస్తే పట్టుబడుతుంది. అయిదు అక్షరాల ఖండచాపు అరుదు. కొత్త పాట మొదలైనప్పుడు ముందుగా మాటలను వదిలేసి తబలాలో బరువైన దెబ్బ ఎక్కడ పడుతోందో వినండి. అది తిరిగి వచ్చేలోపు ఎన్ని అక్షరాలు గడిచాయో లెక్కపెడితే నడక తెలిసిపోతుంది. పల్లవి ఆ బరువైన దెబ్బ మీదనే మొదలవుతోందా, దాని తరువాత కొంచెం ఆగి మొదలవుతోందా అన్నది ఆ పైన గమనించాలి. సగం పాటల్లో కొత్తవారు తడబడేది ఈ ఎత్తుగడ దగ్గరే.

ఎవరైనా పిలిచి తాళాల జత చేతిలో పెట్టిన రోజున, తాడును వేలికి చుట్టి వదులుగా పట్టుకోండి. రెండు బిళ్లలనూ పూర్తిగా ఎదురెదురుగా కొడితే గాలి చిక్కుకుని మొద్దు శబ్దం వస్తుంది. ఒకదాని అంచు మరొకదాని అంచుకు కొంచెం పక్కగా తగిలితే నాదం నిలుస్తుంది. బరువైన దెబ్బ దగ్గర నాదాన్ని వదిలి, మిగిలిన చోట్ల రెండింటినీ కలిపి మూస్తే చాలు. పాట చివర వేగం పెరిగినప్పుడు పెంచేది మీరు కాదు. తబలా ఎంత పెంచితే అంతే వెళ్లాలి. చిడతలు ఒక చేత్తోనే పలికించేవి గనుక నేర్చుకోవడం ఇంకొంచెం కష్టం, ఇంటి దగ్గర సాధన చేసుకుని రావాలి. డప్పు ఉన్న భజనల్లో దాన్ని ముందుగా మంట దగ్గర కాచి చర్మాన్ని బిగిస్తారు. ఆ కాచే పని చూసినా వాద్యం గురించి ఎంతో తెలుస్తుంది.

శ్రుతి కుదరనప్పుడు

హార్మోనియం మెట్లలో తెల్లవాటికి ఒకటి నుంచి ఏడు దాకా, నడుమ ఉన్న నల్లవాటికి ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర అని లెక్క; ఆ అంకెతోనే శ్రుతిని చెబుతారు. సాధారణంగా మగవారికి ఒకటి నుంచి రెండున్నర లోపు, ఆడవారికి నాలుగున్నర నుంచి ఆరు లోపు హాయిగా ఉంటుంది. కానీ మైకు లేని కాలంలో ఊరంతా వినిపించేలా ఆరుబయట పాడిన అలవాటు వల్ల చాలా మండళ్లు ఇప్పటికీ ఎక్కువ శ్రుతిలోనే పాడతాయి. అక్కడికి వెళ్లి శ్రుతి తగ్గించమని అడగకండి. తబలా కుడిని, అంటే కుడిచేత్తో వాయించే దాన్ని, ఆ శ్రుతికి సుత్తితో తట్టి కలిపి ఉంచుతారు. శ్రుతి మారిస్తే దాన్ని మళ్లీ కలపాలి, లేదా మరో కుడి తేవాలి. అందని పై స్వరాల దగ్గర గొంతు చించుకోవడం కన్నా ఆ ముక్కను వదిలేయడమో, కింది స్థాయిలో మెల్లగా పాడడమో మేలు. మీ సొంత శ్రుతి ఏదో మాత్రం ఇంటి దగ్గరే తెలుసుకుని ఉండండి. ఫోనులో దొరికే తంబుర శ్రుతి యాప్ పెట్టుకుని, మీకు బాగా వచ్చిన పాటను ఒక్కొక్క శ్రుతిలో పాడి చూస్తే, అడుగు స్వరం వినిపిస్తూ పై స్వరం నొప్పి లేకుండా పలికే చోటు ఒకటి దొరుకుతుంది. రేపు పాట ఎత్తుకోమన్నప్పుడు హార్మోనియం వాయించేవారు మొదట అడిగేది ఆ అంకెనే.

రికార్డు చేసుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అడిగి చేసుకుంటే ఎవరూ కాదనరు, కానీ దాన్ని సామాజిక మాధ్యమాల్లో పెట్టాలంటే మళ్లీ విడిగా అడగాలి. ఫోను తెరలో చూసి పాడడం కన్నా ఒక నోటుపుస్తకం పెట్టుకుని చేత్తో రాసుకోవడం మంచిది: పాట, శ్రుతి, నడక, ఎవరి దగ్గర విన్నది అన్న నాలుగు వివరాలు ఉండాలి. అచ్చు పుస్తకంలోని పాఠానికీ ఊరిలో పాడే పాఠానికీ తేడా వస్తే, ఊరిలో పాడేటప్పుడు ఊరి పాఠమే పాడండి.

పాట ఎత్తుకోమన్న రోజు

కొన్నాళ్లు క్రమం తప్పకుండా వస్తే ఒక రాత్రి పెద్దవారే ‘నువ్వొకటి అందుకో’ అంటారు. ఆ రోజు కోసం ఎనిమిది అక్షరాల నడకలో, చిన్న పల్లవి ఉన్న, అందరికీ తెలిసిన పాట ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. ఎవరికీ తెలియని అపురూపమైన కీర్తన తెచ్చి మీరొక్కరే పాడుకుంటే వంత ఉండదు, వంత లేకపోతే అది భజన కాదు. ఆ ఊరిలో ఒక పెద్దాయన ఎప్పుడూ పాడే పాట ఉంటుంది. ఆయన ఎదురుగా ఉండగా ఆ పాటను మీరు ఎత్తుకోకండి. అదే రాత్రి ఒకసారి వచ్చిన పాటను మళ్లీ ఎత్తుకోకండి.

శ్రుతి అంకె చెప్పి, హార్మోనియం మీద షడ్జమం, అంటే ‘స’ స్వరం, నిలిచేదాకా ఆగి, పల్లవిని తబలా లేకుండా ఒకసారి నిదానంగా పాడండి. ఆ ఒక్కసారిలోనే తబలా వాయించేవారు నడక పట్టుకుంటారు. చరణం ముగిసే చోట తల ఎత్తి వంతవారి వైపు చూడండి. అందుకోమనే సైగ అదే. మాట మరచిపోతే కంగారు పడకుండా పల్లవికి తిరిగి వచ్చేయండి, వంతవారు దాన్ని పట్టుకుని మీకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తారు. ఒక పాట అయ్యాక మరొకటి మీరే మొదలుపెట్టకుండా అవకాశాన్ని పక్కవారికి వదలండి.

రెండు సందర్భాల్లో పద్ధతి వేరు. ఏకాహమంటే ఇరవై నాలుగు గంటలు, సప్తాహమంటే ఏడు రోజులు నామం తెగకుండా సాగాలి. జట్లు వంతులవారీగా మారతాయి. వచ్చే జట్టు గొంతు కలిపి, తాళాలు చేతులు మారి, నామం నిలకడగా సాగుతున్నదని తేలిన తరువాతే వెళ్లే జట్టు లేస్తుంది. నడిరాత్రి దాటిన తరువాతి వంతులకు మనుషులు చాలరు. మీరు ఆ వేళకు వస్తామని ముందే చెప్పి మాట నిలబెట్టుకుంటే, ఆ మండలి మిమ్మల్ని ఎన్నటికీ పరాయిగా చూడదు. గంటల తరబడి ఒకే నామాన్ని పాడడం వల్ల తాళం కుదురుకున్నంతగా మరే సాధన వల్లా కుదురుకోదు.

రెండవది చావింటి భజన. మన ప్రాంతంలో ఎవరైనా పోయినప్పుడు శవం దగ్గర తెల్లవార్లూ తత్వాలు పాడే ఆచారం చాలా ఊళ్లలో ఉంది. ఆ రాత్రి కొత్తవారు పాట ఎత్తుకోకూడదు, తాళం కోసం చేయి చాపకూడదు, ఫోను బయటికి తీయకూడదు. గొంతు తగ్గించి వంత మాత్రం పాడండి. ఏడుపు మిన్నంటినప్పుడు పాటను ఆపాలో సాగించాలో ముందు కూర్చున్న పెద్దవారికి తెలుసు, వారిని చూసి నడుచుకోండి.

మామూలు భజన మంగళహారతితో ముగిశాక వెంటనే లేచి వెళ్లిపోకండి. ప్రసాదంగా గుడాలో అటుకులో పంచుతారు, తిని, తాళాలను గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టడానికి సాయపడండి. మీకు అర్థం కాని మాటను పాడినవారినే అడగడానికి సరైన సమయం అదే. చాలామంది పెద్దలు ఒక చరణం అర్థం చెప్పడానికి ఎంతసేపైనా నిలబడతారు. మండలికి చందా ఉంటే మీ వంతు ఇవ్వండి, తబలా మూత మార్పించాలన్నా హార్మోనియం మరమ్మతు చేయించాలన్నా డబ్బు అక్కడి నుంచే రావాలి. వచ్చే భజన ఏ రోజో, ఎవరి ఇంటి దగ్గరో కనుక్కుని, రాలేకపోతే ఆ సంగతి ముందే చెప్పి పంపండి.